నాన్నగారి మంచం పక్కన: ఒక కూతురి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 74 ఏళ్ళు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాలేయానికి పాకింది. తొమ్మిది రోజులుగా కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నారు. "ఇక వారం, అంతకు ముందే కూడా కావచ్చు" అని డాక్టరుగారు నిన్న చెప్పారు. తెలివి ఉంది గానీ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటున్నారు. తమ్ముడు కువైట్‌లో కంపెనీ ఉద్యోగంలో ఉన్నాడు. ఇక్కడ అమ్మా నేనే. ఇంటికి తెచ్చెయ్యమని పెదనాన్నగారు పట్టుబడుతున్నారు. వెంటిలేటర్ పెట్టమంటారా అని ఆస్పత్రివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియదు. నేను ఇంతవరకు ఎవరి చావూ కళ్ళారా చూడలేదు. ఆ సమయంలో ఏం చూస్తానో, ఏం చెయ్యాలో తెలియక నిద్ర పట్టడం లేదు. అమ్మని పక్కన ఉంచాలా, వద్దా? కాస్త ధైర్యం చెప్పండి.

జవాబు:

అమ్మా,

మీరు అడిగినవాటిలో రెండింటిని ఈ రోజే, డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడే తేల్చుకోవాలి. వెంటిలేటర్ సంగతి ఒకటి, ఇంటికి తీసుకెళ్ళే సంగతి ఇంకొకటి. మిగతాది రాత్రి కూర్చుని నెమ్మదిగా చదువుకోండి. మీ భయంలో చాలాభాగం ఏం చూస్తానో తెలియకపోవడం వల్ల వచ్చింది. అందుకే చూడబోయేదాన్ని ఏదీ దాచకుండా రాస్తున్నాం.

వెంటిలేటర్ ప్రశ్న చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే వస్తుంది. ఊపిరి తగ్గిందని సిస్టరు పిలుస్తుంది, డ్యూటీ డాక్టరు వచ్చి "ట్యూబు వెయ్యాలి, సంతకం పెట్టండి" అంటారు. ఆ అయిదు నిమిషాల్లో ఎవరికీ బుర్ర పనిచెయ్యదు. సంతకం పెడితే ఏమవుతుందో ఇప్పుడే తెలుసుకోండి. నోట్లోంచి ఊపిరిగొట్టంలోకి ట్యూబు దించుతారు. దాన్ని పీకేసుకోకుండా మత్తు ఇస్తారు, ఒక్కోసారి చేతులు మంచానికి కడతారు. ఐసీయూలోకి మారుస్తారు. అక్కడ మీరు లోపలికి వెళ్ళగలిగేది వాళ్ళు పెట్టిన వేళల్లో, కొద్ది నిమిషాలే. నాన్నగారు ఇక మాట్లాడలేరు. గుండె ఆగితే సీపీఆర్ చేస్తారు, అంటే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ రెండంగుళాల లోతున నొక్కుతారు. ఆ వయసులో పక్కటెముకలు విరగడం మామూలే.

పాముకాటుకో న్యుమోనియాకో ఊపిరి అందనివాళ్ళకి వెంటిలేటర్ ప్రాణదానం. జబ్బు నయమయ్యేదాకా అది ఊపిరి ఆడిస్తుంది. మీ నాన్నగారి జబ్బు ఈ దశలో నయమయ్యేది కాదని డాక్టరుగారే చెప్పారు. అందుకని మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: వెంటిలేటర్ వద్దు, సీపీఆర్ వద్దు. మీ డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడిగి దీన్ని సరిచూసుకోండి: "ఈ మెషీను పెడితే, మళ్ళీ అది లేకుండా ఊపిరి తీసుకునే రోజు వస్తుందా?" ఆయన "రాదు" అన్నా, సమాధానం దాటేసినా మీకు జవాబు దొరికినట్టే.

అయితే అందరికంటే ముందు అడగాల్సింది నాన్నగారిని. తెలివి ఉందన్నారు కదా. పొద్దున్నే మొహం కడిగాక కొంచెం తేటగా ఉంటారు. అప్పుడు "ఊపిరి మరీ కష్టమైతే మెషీను పెడతామంటున్నారు నాన్నగారూ, పెట్టించుకుంటారా, మా దగ్గరే ఉంటారా?" అని అడగండి. చావు అనే మాట తేనక్కర్లేదు. ఇలాంటివారికి తమ పరిస్థితి చాలావరకు ముందే తెలుస్తుంది, మనం బాధపడతామని పైకి అనరు.

పెట్టాక చూద్దాంలే, తర్వాత తీయించుకోవచ్చు అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పు, దాన్ని కొంత సులభం చేస్తూ 2023 జనవరి 24న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ప్రాణం నిలబెట్టే మెషీను తీయాలంటే ముగ్గురేసి డాక్టర్లుండే రెండు బోర్డులు ఒప్పుకోవాలి. రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరుండాలి. అదంతా జరిగేదాకా మీరు ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని ఉంటారు.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నిర్ణయాన్ని పగలు వచ్చే పెద్ద డాక్టరుగారికి నోటిమాటగా చెప్పి ఊరుకుంటారు. రాత్రి ఉండే డ్యూటీ డాక్టరుకి అది తెలియదు. కాగితం మీద లేనప్పుడు ఆయన అన్నీ చేసి తీరాలి, అది ఆయన తప్పు కాదు. సీపీఆర్ వద్దన్న నిర్ణయాన్ని కుటుంబంతో మాట్లాడి ఎలా నమోదు చెయ్యాలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కేస్ షీటులో రాయించి, కింద సంతకం పెట్టి, రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టరుకి మీరే ఒకసారి చెప్పండి. తమ్ముడితో, పెదనాన్నగారితో కూడా ఈ రోజే మాట్లాడెయ్యండి. ఆఖరి గంటలో ఒకరు వద్దని, ఒకరు కావాలని అంటే డాక్టరు కావాలన్నవాళ్ళ వైపే మొగ్గుతారు.

వెంటిలేటర్ వద్దంటే వైద్యం మానేసినట్టు కాదు. అదే నోటితో ఇంకొన్ని అడగండి. నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్ ఇస్తారా? అది నొప్పిని తగ్గించడంతో పాటు ఊపిరాడని బాధను కూడా తగ్గిస్తుంది. తగిన మోతాదులో ఇస్తే ప్రాణం తీయదు. "మత్తు ఇచ్చి పంపేస్తున్నారు" అని చుట్టాలెవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. రాత్రిపూట అవసరమైతే మళ్ళీ ఫోన్ చెయ్యకుండా సిస్టరే ఇవ్వగలిగేలా ముందే రాసి ఉంచమనండి. మార్ఫిన్‌తో పాటు విరేచనం మందు కూడా ఉండాలి, లేకపోతే మలబద్ధకం ఇంకో నరకం. రోజూ తీసే రక్తపరీక్షలు, గంట గంటకీ బీపీ, షుగరు కోసం వేలికి గుచ్చడం ఇక అవసరమా అని కూడా అడగండి. అడిగితే చాలాచోట్ల ఆపేస్తారు.

ఇంటికి తీసుకెళ్ళే విషయం. ప్రాణం ఇంట్లో పోవాలని, బయట పోతే గుమ్మం లోపలికి తేకూడదని మన పల్లెల్లో పట్టింపు ఎక్కువే. పెదనాన్నగారి పట్టుదల అందుకే కావచ్చు. నాన్నగారు కూడా ఇంటికే వెళ్ళాలంటే తీసుకెళ్ళడం మంచి నిర్ణయమే, కానీ ఇవాళో రేపో, ఆయన కళ్ళు తెరిచి చూస్తుండగానే. ఇంటి మామిడిచెట్టు ఆయన చూడగలిగితేనే ఆ ప్రయాణానికి అర్థం. ఊపిరి తీరు మారాక (అదేమిటో కింద రాశాం) మాత్రం బయల్దేరకండి. కాకినాడ నుంచి యానాం, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా రాజోలు అంటే అంబులెన్సులో కూడా రెండు గంటలు దాటుతుంది. దారిలో పోతే మీ చేతిలో ఉండేది ఊగుతున్న బండి, ముందు సీట్లో డ్రైవరు, అంతే.

వెళ్ళేటట్టయితే సిలిండరు లెక్క మీరే చూసుకోండి. అంబులెన్సుల్లో మామూలుగా ఉండే బి టైపు సిలిండరులో దాదాపు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు పెడితే అయిదు గంటలు వస్తుంది, 10 లీటర్లయితే రెండున్నర గంటలే. సగం వాడిన సిలిండరైతే దారిలోనే అయిపోవచ్చు. బయల్దేరేముందు మీటరు ముల్లు చూసి, రెండో సిలిండరు ఉంటేనే ఎక్కండి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసే కరెంటు మెషీను) పెడితే కరెంటు పోయినప్పుడు దేనిమీద నడుస్తుందో ముందే తేల్చుకోండి. వరదల రోజుల్లో లంక ఊళ్ళకి కాజ్‌వేలు మునిగి పడవ మీద దాటాల్సి వస్తుంది కనుక, మీది అలాంటి ఊరైతే అమలాపురంలోనో రాజోలులోనో ఆస్పత్రికి మారడం నయం.

ఇంకొకటి. వెళ్ళేటప్పుడు "డాక్టరు సలహాకి విరుద్ధంగా తీసుకెళ్తున్నాం" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటారు. దానితో సరిపెట్టకుండా జబ్బు పేరు, ఏ దశ, ఇచ్చిన మందులు రాసిన డిశ్చార్జి సమ్మరీ, ఇంట్లో వాడాల్సిన మార్ఫిన్ చీటీ తప్పక అడిగి తీసుకోండి. ఇంట్లో పోయాక మరణకారణం రాసిచ్చే డాక్టరుకి ఆ సమ్మరీయే ఆధారం. అది లేక, తెలిసిన డాక్టరు కూడా వెనకాడిన సందర్భాలు ఎన్నో.

తమ్ముడికి ఇవాళే ఫోన్ చెయ్యండి. కువైట్‌లో ప్రైవేటు కంపెనీ వీసా, అంటే 18 నంబరు మీదున్నవారు దేశం దాటాలంటే 2025 జూలై 1 నుంచి కంపెనీ ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. అది కువైట్ ప్రభుత్వ సాహెల్ యాప్‌లో పెట్టుకోవాలి, కంపెనీ ఒప్పుకోవాలి. నాన్నగారి పరిస్థితి రాసిన డాక్టరుగారి లెటరు ఇంగ్లిషులో తీసుకుని వాట్సాప్‌లో పంపితే అతనికి పని తేలికవుతుంది. రాలేకపోతే వీడియో కాల్‌కి ఆఖరి రోజు దాకా ఆగకండి. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మన పొద్దున ఎనిమిదికి వాళ్ళకి అయిదున్నర, డ్యూటీకి వెళ్ళేముందు. నాన్నగారు తేటగా ఉండేదీ అప్పుడే.

ఇప్పుడు మీరు చూడబోయేది.

మొదట తిండి పోతుంది. ఒక ముద్ద, తర్వాత రెండు చెంచాల జావ, తర్వాత అదీ వద్దని మొహం తిప్పేసుకుంటారు. మన ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ గుండెకోత దీనిదే. "కడుపుకి అన్నం లేకుండా పంపేశాం" అని ఏళ్ళ తరబడి కుమిలిపోయేవాళ్ళున్నారు. ఆగిపోతున్న శరీరం అన్నాన్ని అరిగించుకోలేదు, దానికి ఆకలీ ఉండదు. బలవంతాన పెట్టిన ముద్ద వాంతిగానో, ఊపిరిగొట్టంలోకి జారి దగ్గుగానో తిరిగొస్తుంది. సెలైన్ కూడా అంతే. మూత్రపిండాలు పనిచెయ్యనప్పుడు ఎక్కించిన నీరు కాళ్ళలో, చేతుల్లో వాపుగా, ఊపిరితిత్తుల్లో గురగురగా చేరుతుంది. తగ్గించమని మీరే అడగొచ్చు.

తిండి బదులు నోటిని చూసుకోండి. నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం వల్ల నాలుక ఎండి చెక్కలా అవుతుంది. శుభ్రమైన గుడ్డ ముక్కనో దూదినో నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, బుగ్గల లోపల, నాలుక మీద, పెదవుల మీద అద్దండి. గంటకో రెండు గంటలకో ఒకసారి. ఆక్సిజన్ మాస్కు ఉన్నంతసేపు పెదవులకి నూనె, వ్యాజిలిన్ లాంటివి రాయకండి, తడి చాలు. తులసి తీర్థం గానీ గోదావరి నీళ్ళు గానీ నోట్లో పొయ్యాలని పెద్దలంటారు. పోస్తే మింగలేరు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉద్ధరిణెడు కూడా ఎక్కువే. తులసాకుని తీర్థంలో ముంచి పెదవులకి తాకించండి, ఒక్క చుక్క నాలుక మీద. శాస్త్రమూ తీరుతుంది, ఆయనకీ ఇబ్బంది ఉండదు. ప్రార్థన చేసే కుటుంబమైతే పాస్టరుగారు, కల్మా చదివే ఇల్లయితే పెద్దలు మంచం పక్కన నిలబడి మెల్లగా చదవడానికి చాలా ఆస్పత్రులు అడ్డు చెప్పవు, ముందు అడగాలి అంతే.

తర్వాత మూత్రం తగ్గుతుంది. సంచిలో రోజంతటికీ ఒక గ్లాసుడు, డికాక్షన్ రంగులో. కొందరిలో ఆరాటం మొదలవుతుంది. దుప్పటి లాగేస్తారు, గాల్లో ఏదో అందుకోబోతారు, ఎప్పుడో పోయిన తల్లితో మాట్లాడతారు. వాదించకండి, "అవును నాన్నగారూ, నేనిక్కడే ఉన్నాను" అంటే చాలు. కానీ ఒకటి చూడండి. సంచిలోకి చుక్క కూడా రాకుండా పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉంటే, మూత్రం గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. ఆ ఆరాటం సిస్టరు గొట్టం సరిచేస్తే నిమిషాల్లో తగ్గిపోతుంది. లైట్లు తగ్గించండి, మంచం చుట్టూ మూగిన జనాన్ని తగ్గించండి.

కొందరిలో ఇంకొకటి జరుగుతుంది. రెండ్రోజులుగా పలకని మనిషి లేచి కూర్చుని టీ అడుగుతారు, పొలం కౌలు సంగతి అడుగుతారు. తేరుకున్నారని సంబరపడి పెద్దలు బ్యాగులు సర్దేస్తారు. ఆరేముందు దీపం వెలగడమని మనవాళ్ళనేది దీన్నే. అది గంటలో, ఒక పూటో ఉంటుంది. ఆ పూట ఎక్కడికీ వెళ్ళకండి. తమ్ముడికి కాల్ కలపాల్సిన వేళ అదే.

ఆ తర్వాత ఎగశ్వాస. నాలుగైదు ఊపిరులు అంతకంతకూ లోతుగా సాగి, మళ్ళీ చిన్నవవుతూ వచ్చి, ఆగిపోతాయి. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి ముప్పై, నలభై. అయిపోయిందనుకుని ఏడుపు అందుకునేసరికి మళ్ళీ పెద్ద ఊపిరి వస్తుంది. ఇలా కొన్ని గంటలు గడవొచ్చు, రోజు దాటినా ఆశ్చర్యం లేదు. ఆగిన ప్రతిసారీ మీ ఊపిరి బిగబట్టకండి, అలిసిపోతారు.

దానితో పాటు గొంతులో గురగుర రావచ్చు. కూజాలోంచి నీళ్ళు వంపినట్టు శబ్దం, గుమ్మం బయటికి వినిపిస్తుంది. వినేవాళ్ళకి ఇంతకంటే భయంకరమైంది ఉండదు. మింగడం పోయింది కనుక మామూలు లాలాజలమే గొంతు వెనక నిలిచి, ఊపిరికి కదులుతోంది. అప్పటికి ఆయనకి స్పృహ ఉండదు, ఉక్కిరిబిక్కిరి అవడం లేదు. తల కింద ఇంకో దిండు పెట్టి, ఒక పక్కకి ఒత్తిగిలి ఉండేలా సర్ది, వీపు వెనక దుప్పటి చుట్ట పెడితే చాలాసార్లు తగ్గుతుంది. గ్లైకోపైరొలేట్ అనే ఇంజెక్షన్ ఉంది. శబ్దం మొదలవుతుండగానే ఇస్తే పనిచేస్తుంది, అప్పటికే చేరినదాన్ని ఎండబెట్టలేదు. అందుకని మొదటి గురగురకే సిస్టరుని పిలవండి. గొంతు లోతుకి సక్షన్ గొట్టం దించమని మాత్రం పట్టుబట్టకండి. గొంతు గీరుకుపోతుంది, నీరు ఇంకా ఊరుతుంది.

పాదాలు, చేతివేళ్ళు చల్లబడతాయి. మోకాళ్ళ మీద, అరికాళ్ళ దగ్గర వల పరిచినట్టు ఊదారంగు మచ్చలు తేలతాయి. అవి కనిపించాక సాధారణంగా గంటల లెక్కే. ఆ వేళకి మానిటర్ ఉంటే దాని గోల ఆపించమనండి, స్క్రీను గోడవైపు తిప్పేసినా నష్టం లేదు. ఆక్సిజన్ 82, 78, 71 అని అంకెలు చూస్తూ కూర్చుని నాన్న మొహం చూడనివాళ్ళు ఎందరో. ఆయాసంగా కనిపిస్తే చిన్న ఫ్యాను బుగ్గలకి గాలి తగిలేలా పెట్టండి. మొహానికి తగిలే గాలి ఊపిరాడని బాధని తగ్గిస్తుంది.

వినికిడి చివరిదాకా కొంతవరకు ఉండొచ్చు. అందుకని మంచం పక్కన శ్మశానం ఖర్చులు, పొలం పంపకాలు మాట్లాడనివ్వకండి. చెవి దగ్గర మామూలు గొంతుతో మాట్లాడండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఊరి కబుర్లు చెప్పండి: కాలవకి నీళ్ళొదిలారు, కొబ్బరి దింపు అయ్యింది, అమ్మని నేను చూసుకుంటాను.

ఆఖరి ఊపిరులు దవడతో తీసుకున్నట్టుంటాయి, ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచినట్టు, నిమిషానికి రెండో మూడో. తర్వాతది రాదు. రెండు మూడు నిమిషాలు వేచి చూడండి. కళ్ళు సగం తెరిచి ఉండొచ్చు, దవడ జారుతుంది, పక్క తడవొచ్చు. అప్పుడు టైము చూసి కాగితం మీద రాసుకోండి. నక్షత్రం చూడడానికి పురోహితుడు అడిగేది ఈ వేళే. డాక్టరుగారు వచ్చి నాడి, గుండె చప్పుడు, టార్చి వేసి కనుపాపలు చూసి, ఈసీజీ గీత తీసి నిర్ధారిస్తారు. సర్టిఫికెట్లో పడేది ఆ వేళ. పది పదిహేను నిమిషాల తేడా సహజం. మధ్యలో అర్ధరాత్రి దాటితే తేదీయే మారుతుంది, కాబట్టి కాగితాలన్నిటిలో ఒకే తేదీ ఉందో లేదో చూసుకోండి.

మీరు టీ కోసం కిందికి దిగిన అయిదు నిమిషాల్లోనే ఇదంతా జరిగిపోవచ్చు. రాత్రుళ్ళు కాపలా కాసినవాళ్ళకి కూడా ఇలా తరచు జరుగుతుంది. తొమ్మిది రోజులు పక్కనున్నది మీరే, ఆ అయిదు నిమిషాలు దాన్ని చెరపలేవు. తిరిగొచ్చాక కూడా కూర్చోండి, చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంటుంది.

హడావుడి పడకండి. "గది ఖాళీ చెయ్యాలి" అనేదాకా కనీసం అరగంట, గంట అడిగి తీసుకోండి. కళ్ళు మూసి వేళ్ళతో అర నిమిషం పట్టుకోండి. గడ్డం కిందుగా మెత్తని గుడ్డ తలమీదికి కట్టండి, కాళ్ళూ చేతులూ చాపి సరిచెయ్యండి. రెండు మూడు గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది, మన వేడికి ఇంకా ముందే. ఉంగరం రాకపోతే సబ్బునీళ్ళు రాసి తిప్పుతూ తీయండి. తల దగ్గర దీపం, అగరుబత్తి పెట్టేముందు ఆక్సిజన్ వాల్వు పూర్తిగా కట్టారో లేదో సిస్టరుని అడగండి, గదిలో ఆక్సిజన్ ఉండగా నిప్పు వెలిగించకూడదు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ఆస్పత్రిలోనే తీయించాలి, చితిలో అది పేలుతుంది.

కళ్ళు దానం చెయ్యాలని ఉంటే ఆరు గంటల్లోపు. నాన్నగారు ముందుగా ఏమీ రాసివ్వకపోయినా ఇంటివాళ్ళ అనుమతి చాలు. శుక్లం ఆపరేషన్ అయినా, షుగరున్నా, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నా ఇవ్వొచ్చు. రక్తక్యాన్సర్, హెపటైటిస్, హెచ్ఐవీ ఉంటే తీసుకోరు. ఫ్యాను ఆపి, కళ్ళు మూసి తడిదూది పెట్టి, తల ఆరంగుళాలు ఎత్తులో ఉంచండి. పావుగంట, ఇరవై నిమిషాల పని, మొహం మారదు.

కాగితాల దగ్గర జరిగే తప్పులు తర్వాత నెలల తరబడి తిప్పుతాయి. ఆస్పత్రి వదిలేముందు మరణకారణం సర్టిఫికెట్ నకలు, డెత్ సమ్మరీ చేతిలో ఉండాలి. పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా బ్యాంకులో ఆపేస్తారు. మరణకారణం దగ్గర "గుండె, ఊపిరి ఆగిపోవడం" అని మాత్రమే రాస్తే మార్చమనండి. అది ఎలా పోయారో చెబుతుంది, ఎందుకు పోయారో చెప్పదు. అసలు జబ్బు పేరు, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఉండాలి.

మరణం నమోదయ్యేది జరిగిన చోటే. కాకినాడ ఆస్పత్రిలో పోతే కాకినాడ నగరపాలక సంస్థలో, ఆ సమాచారం ఆస్పత్రే పంపాలి. మీ సచివాలయంలో ఎంత తిరిగినా అక్కడ దొరకదు. ఇంట్లో పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర మీరే, 21 రోజుల్లోపు. దాటితే రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్తుంది. నడుస్తున్న బండిలో పోతే బండి మొదట ఆగిన చోట నమోదు చెయ్యాలని నిబంధన. మీ దారిలో యానాం ఉంది, అది పుదుచ్చేరి కింద ఉంటుంది. దారిలో పోవడం వద్దని పైన అన్నదానికి ఇదొక కారణం. జబ్బుతో పోయారు కనుక పోలీసు, పోస్టుమార్టం ఉండవు. అవి ప్రమాదం, విషం, పాముకాటు లాంటివాటికి.

బిల్లు బాకీ ఉందని పార్థివదేహాన్ని ఆపే హక్కు ఆస్పత్రికి లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఆ మాట ఉంది. గొంతు పెంచకుండా అది చెప్పి, బాకీకి గడువు రాసివ్వండి. 108 పార్థివదేహాన్ని ఎక్కించుకోదు. మహాప్రస్థానం అనే ప్రభుత్వ శవవాహనం ఉచితమే గానీ ప్రభుత్వాసుపత్రుల నుంచే. ప్రైవేటు బండి మాట్లాడేటప్పుడు ఊరి పేరు, తిరుగుప్రయాణం, ఆగే సమయం అన్నీ కలిపి ఒకే మొత్తం మాట్లాడండి. తమ్ముడి కోసం ఆపాల్సి వస్తే ఇంటికి చేరకముందే ఫ్రీజర్ బాక్సు వచ్చి, చల్లబడి ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ మీద ఆధారపడొద్దు, జనరేటరు చెప్పి ఉంచండి.

ఇక అమ్మ. ఆవిడని ఉంచాలా వద్దా అని మీరూ పెదనాన్నగారూ కలిసి తేల్చకండి, ఆవిడనే అడగండి. "చూడలేను" అంటే బయట కూర్చోనివ్వండి, ఎవరూ బలవంతంగా లోపలికి లాగకూడదు. "ఉంటాను" అంటే ఎగశ్వాస గురించి, గురగుర గురించి పైన చదివింది ముందే చెప్పి ఉంచండి. బొట్టు, గాజుల మాట ఆస్పత్రిలో ఎవరి నోటా రానివ్వకండి. పెద్దమ్మలెవరైనా మొదలుపెడితే మీరు అడ్డం నిలబడండి. ఉంచుకోవాలో తీసేయాలో ఆవిడ ఇష్టం, అదీ ఇంటికి వెళ్ళాక.

మంచానికి ఒకవైపు కడ్డీ దించమని సిస్టరుని అడగండి. సెలైన్ సూది లేని చేతివైపు అమ్మకి కుర్చీ వెయ్యండి, ఆయన చెయ్యి అందే ఎత్తులో. ఏసీ చలికి శాలువా ఇవ్వండి. బీపీ, షుగరు మాత్రలు మీ బ్యాగులో పెట్టుకుని వేళకి వేయండి. రాత్రి ఎనిమిదికల్లా కింద నుంచి ఇడ్లీ తెప్పించి ఆవిడ చేత తినిపించండి. ఆ పొట్లంలో రెండు మీకు కూడా ఉంచుకోండి.